పదకొండు గుండ్లు

మా బడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక సుగాలి తండా ఉంది. అక్కడి నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సైకిలు మీద బడికి వచ్చేది. ఆ సైకిలు వాళ్ల అక్కకు ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకంలో ఇచ్చింది. అక్క పెళ్లి చేసుకుని పోయింది. సైకిలు చెల్లెలికి మిగిలింది. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్ల వారానికి నాలుగు రోజులు వచ్చింది. తర్వాత రెండు రోజులు. తర్వాత అసలు రావడం మానేసింది.

ఒక సాయంత్రం తండాకు పోయి అడిగాను. వాళ్ల అమ్మ చెప్పింది: “కాలు కింద టకటకమంటాది సార్. దావలో ఊరికే చైను పడిపోతాది. అంగట్లో చూపిస్తే మొత్తం మార్చల్ల, నాలుగు నూర్లు అయితాది అన్న్యారు. ఎట్లైనా పదితో ఆపేదే గదా సార్.”

ఆ చివరి మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారో రాయమంటే మేం టీచర్లం చాలానే రాస్తాం. పేదరికం అంటాం, బాల్య వివాహం అంటాం, వలస అంటాం. అవన్నీ నిజమే. అయితే ఆ కాగితంలో ‘సైకిలు బీబీ లూజు’ అని ఎవరమూ రాయం. కానీ ఆ ఇంట్లో ఆ పొద్దు జరిగింది అదే. పెద్ద కారణాలన్నీ గుమ్మం బయట కాచుకుని ఉంటాయి. చిన్న కారణం ఒకటి తలుపు తీస్తే చాలు, అన్నీ లోపలికి వస్తాయి.

సైకిలు గుడిసె గోడకు ఆనించి ఉంది. నేను కింద కూర్చుని చూశాను. పిల్ల దూరంగా నిలబడింది. బడి మానేసిన పిల్లలు టీచరును చూస్తే అట్లాగే నిలబడతారు.

“దా పాపా, నువ్వే చూద్దువు. నేను చెప్తా,” అన్నాను.

సైకిలులో కాలి కింద టకటకమంటే లోపం మూడు చోట్లలో ఏదో ఒకచోట ఉంటుంది. ఒకటి పెడలు. రెండు, క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను. మూడు, బీబీ. రెండు క్రాంకుల మధ్య, ఫ్రేము అడుగున ఉండే గొట్టంలో ఇరుసు ఉంటుంది. దాన్ని అంగళ్లలో బీబీ యాక్సిలు అంటారు. ఆ ఇరుసుకు రెండు వైపులా రెండు కప్పులు, కప్పుల్లో ఉక్కు గుండ్లు. మనం తొక్కే బలమంతా ముందు ఆ గుండ్ల మీదుగానే పోతుంది.

ఏది లూజో కనుక్కోవడానికి పానా అక్కర్లేదు. చేతులు చాలు. పెడలును ఒక్కదాన్నే పట్టుకుని ఊపాలి. క్రాంకు కదలకుండా పెడలు మాత్రమే ఆడితే తప్పు పెడలుది. రెండు క్రాంకులనూ నేలకు సమంగా పెట్టి, ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని పైకీ కిందికీ ఊపాలి. ఒకటి నిలిచి ఉండగా రెండోది కదిలితే తప్పు కాటర్ పిన్నుది. ఇక మూడోది. ఒక క్రాంకును పట్టుకుని ఫ్రేము వైపుకు నెట్టి, బయటికి లాగాలి. రెండు క్రాంకులూ ఇరుసుతో పాటు ఒక్కటిగా కదిలితే అది బీబీ లూజు.

ఆ పిల్ల మూడూ చేసింది. మూడోసారి ‘టక్’ అని వినిపించింది. నా మొహం చూసింది.

“ఇదే సార్,” అంది.

ఆ ‘టక్’ నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఎట్లా తెలుసో చెప్పాలంటే మా నాయన సైకిలు గురించి చెప్పాలి.

మేం ఎరుకలోళ్లం. ఆళ్లగడ్డ పక్కన మా పేట. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా కుర్రు భాష, బయట తెలుగు. నాయన, అమ్మ, అవ్వ ముగ్గురూ ఈత బరిగెలతో గంపలు అల్లేవాళ్లు. వాగుల గట్ల మీద ఈత చెట్లు ఉన్నంత కాలం మాకు పని ఉండేది. వరికోతలప్పుడు, మిరపకాయ కోతలప్పుడు నంద్యాల వైపు గంపలకు గిరాకీ. కుందూ నది, కేసీ కాలువ కింద పంటలు పండే ఊర్లు అవి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అప్పుడు దాన్ని 18వ నెంబరు జాతీయ రహదారి అనేవాళ్లు, ఇప్పుడు 40 అంటున్నారు. నాయన గంపలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, సైకిలు క్యారియరు మీద తన తలకంటే ఎత్తుగా కట్టి, తెల్లవారుజామున మూడింటికే బయలుదేరేవాడు. వెనక నుంచి చూస్తే మనిషి కనబడడు. గంపలు నడిచిపోతున్నట్టుండేది.

ఇప్పుడు లెక్కల క్లాసులో పిల్లల చేత ఆ దారిని కొలిపిస్తుంటాను. ముందు చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం కాబట్టి ఒక తొక్కుడు చుట్టుకు సుమారు 5.4 మీటర్లు. నంద్యాల చేరేసరికి నాయన కాలు 7,300 చుట్లకు పైనే తిరిగేది. అంత ఎత్తు గంపలతో, ఎదురుగాలిలో. తిరిగి రావడానికి మళ్లీ అన్ని చుట్లు. అట్లా తిరిగిన ఇరుసు అరగకుండా ఎట్లా ఉంటుంది?

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ సైకిలు టకటకమనడం మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాయన నిద్రపోతున్నాడు. నేనే బాగుచేసి చూపిద్దామనుకున్నాను. అంగట్లో చేసేది చూసినోన్నే గదా అని నా ధైర్యం. ఒక మేకు, ఒక రాయి, పక్కింట్లో అడిగి తెచ్చిన పానా ఒకటి. కాటర్ పిన్నును రాయితో కొట్టి తీశాను. ఎడమ వైపు రింగును మేకు పెట్టి కొట్టి వదులు చేశాను. కప్పు విప్పాను. గుండ్లు బొలబొలా రాలాయి. దొరికినవి ఏరితే పది. పదకొండోది కాలువలోకి దొర్లిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. గ్రీజు లేదు. అవ్వ దగ్గర ఆముదం ఉంటే అది పోశాను. ఆముదంలో గుండ్లు అతుక్కోవు, జారి పడుతుంటాయి. నాయన లేస్తాడేమోనని భయం. గబగబా కప్పు ఎక్కించి, రింగు మీద మేకు పెట్టి రెండు దెబ్బలు కొట్టి వదిలేశాను. తిప్పి చూస్తే మెత్తగా తిరిగింది. చప్పుడు లేదు. గుండు పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాయన లేచి తిప్పి చూసి “నువ్వేనా చేసింది?” అన్నాడు. అవునన్నాను. తల మీద చెయ్యి పెట్టాడు.

మరునాడు తెల్లవారుజామున పోయినోడు ఆ రాత్రి రాలేదు. అమ్మ తెల్లార్లూ వాకిట్లోనే కూర్చుంది. మంగళవారం మధ్యాహ్నం సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. సగం గంపలు అట్లే ఉన్నాయి. ఎడమ వైపు కప్పు లేదు. ఇరుసు గొట్టంలో లొడలొడమంటోంది.

జరిగింది ఇది. తిరుగు దారిలో శిరివెళ్ల దాటినాక, పొద్దు మునిగాక, రింగు వదులై ఊడిపోయింది. తర్వాత కప్పు కూడా మర విడిచి వచ్చేసింది. గుండ్లు రోడ్డు మీద రాలిపోయాయి. చీకట్లో ఏరుకునేందుకు ఏముంది? నెట్టుకుంటూ వస్తుంటే ఒక ఊర్లో నలుగురు ఆపారు. ఎవరు నువ్వు, ఏ ఊరు అన్నారు. చెప్పాడు. ఏం కులం అన్నారు. చెప్పాడు. అంతే. సైకిలు ఎవరిది అన్నారు. నాదే అన్నాడు. రసీదు చూపించు అన్నారు. పదేళ్ల కిందట సెకండ్‌హ్యాండులో కొన్న సైకిలుకు రసీదు ఎక్కడిది? తెల్లారేదాకా చావిడిలో కూర్చోబెట్టారు. పొద్దున ఆ ఊరి రైతు ఒకాయన, అంతకు ముందు నాయన దగ్గర గంపలు కొన్నాయన, చూసి “ఈయన మనకు గంపలిచ్చే మనిషే గదా” అన్నాక పంపించారు. ఎవరూ కొట్టలేదు. తిట్టింది కూడా పెద్దగా లేదు. ఒక బీడీ కూడా ఇచ్చారంట. కానీ రాత్రంతా కూర్చోబెట్టారు.

అవ్వ అదంతా విని, “మా మామకు రోజూ ఉండేది ఇది. ఈయనకు ఒక్క రాత్రే,” అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత చదువుకుంటే తెలిసింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో దాన్ని కొత్తగా రాసి మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. మన కర్నూలు అప్పుడు మద్రాసు రాజ్యంలోనే ఉండేది. ఆ చట్టం కింద పేరెక్కిన కులాల వాళ్లు నేరం చేసినా చేయకపోయినా హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకలవాళ్ల పేరు అందులో ఎక్కింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. చీకట్లో సైకిలు నెట్టుకుని పోయే మనిషిని ‘ఏం కులం’ అని అడిగేవాళ్ల నోట్లో నుంచి పోలేదు.

నాయన నన్ను ఏమీ అనలేదు. అది నాకు ఎక్కువ బాధ. “గుండ్లు రాలినాయి” అని మాత్రం అన్నాడు. నేను పదకొండో గుండు గురించి చెప్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను.

ఆ ఆదివారం నన్ను బస్సులో నంద్యాలకు తీసుకుపోయాడు. సైకిలును బస్సు పైన వేయించాడు. ముందు ఒక అంగడికి పోయాం. నాయన “మావోనికి ఈ పని నేర్పించన్నా, ఆదివారాలు వస్తాడు” అని అడిగాడు. ఆ అంగడాయన మమ్మల్ని కిందికీ పైకీ చూసి, “మీవోళ్లకు పానాలు ఇచ్చి నేను కూర్చుని లెక్కబెట్టుకోల్లనా?” అన్నాడు. నాయన ఏమీ మాట్లాడకుండా సైకిలు తిప్పుకున్నాడు.

రెండో అంగడి ఒక ముసలి సాయిబుది. తలుపులు కూడా లేని చిన్న రేకుల కొట్టు. ఆయన సైకిలు చూసి, రింగు ఉండే చోట మేకు దెబ్బలు చూసి, “ఎవరు కొట్టింది?” అని అడిగాడు. నాయన నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, నాయనకు ముందే తెలుసని. నేను చెప్పేశాను. మేకు, రాయి, ఆముదం అన్నీ చెప్పాను. కాలువలో పోయిన గుండు గురించి కూడా చెప్పాను.

ముసలాయన నవ్వలేదు. “గుండు ఒకటి తగ్గినందుకు కాదబ్బీ అది రాలింది. పదితో కూడా కొన్నాళ్లు తిరుగుతాది. నువ్వు లాకు రింగు బిగించలే. గుండు పోయిందనే భయంలో రింగు సంగతి మర్చినావు,” అన్నాడు. పానాల డబ్బా నా ముందుకు నెట్టాడు. తర్వాత ఒక పొట్లం విప్పి, పళ్లెంలో గుండ్లు పోసి, “లెక్కబెట్టు,” అన్నాడు. ఇరవై రెండు. “మళ్లా లెక్కబెట్టు.” ఇరవై రెండు. ఆయన పానాలను ఏ పొద్దూ లెక్కబెట్టుకోలేదు. గుండ్లను మాత్రం ప్రతిసారీ నా చేత రెండుసార్లు లెక్కబెట్టించేవాడు.

రెండేళ్లు ఆదివారాలు పోయాను. ఆయన నేర్పిన పనినే ఆ శనివారం మా బడి వరండాలో ఆ అమ్మాయి చేత చేయించాను. ఎట్లా చేశామో వరుసగా రాస్తాను. చదివిన వాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు కింద ఒక పాత చీర పరిచాం. రాలిన గుండు దొర్లకుండా ఉండటానికి. పని మొదలుపెట్టకముందే పరవాలి.

కాటర్ పిన్ను తీయడం. దాని నట్టును పూర్తిగా తీయకూడదు. పిన్ను చివరకు సమంగా వచ్చేదాకా వదులు చేసి ఆపాలి. క్రాంకు కింద ఒక కొయ్య దిమ్మ ఊతగా పెట్టాలి. అప్పుడు సుత్తితో ఒక్క గట్టి దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు పది కొడితే పిన్ను తల పగిలి లోపలే ఇరుక్కుంటుంది. ఊత లేకుండా కొడితే ఆ దెబ్బ గుండ్ల మీద పడి కప్పులో గుంటలు పడతాయి. నేను చిన్నప్పుడు రాయితో చేసింది అదే.

తర్వాత ఎడమ వైపు లాకు రింగు, దాని వెనక కప్పు. ఎడమ వైపు మామూలు మరే. కుడి వైపు, అంటే చైను ఉండే వైపు కప్పుకు ఎదురు మర ఉంటుంది. తొక్కుతున్నప్పుడు అది తనంతట తాను ఊడి రాకుండా అట్లా చేశారు. దాన్ని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పాలి. ఇది తెలియక ఎంతోమంది బలమంతా పెట్టి విప్పబోయి ఇంకా బిగిస్తారు. నిజానికి ఆ కప్పును విప్పే అవసరం చాలాసార్లు ఉండదు. అక్కడే ఉంచి, గుడ్డతో తుడిచి, టార్చి లైటు వేసి లోపల గుంటలు పడ్డాయేమో చూస్తే చాలు.

కప్పు విప్పేటప్పుడు సైకిలును కుడి వైపుకు పడుకోబెట్టాం. ఆ పిల్ల ఎడమ కప్పును చీర మీదికి తెచ్చింది. తర్వాత ఇరుసును బయటికి లాగింది. నల్లరేగడి మట్టి, నీళ్లు, పాత గ్రీజు కలిసి తారులాగా ఉంది. వానల్లో మడవల గుండా సైకిలు నడిపిస్తే సీటు గొట్టం నుంచీ కప్పుల సందుల్లో నుంచీ నీళ్లు దిగుతాయి. గ్రీజు పోయి తుప్పు వస్తుంది. తుప్పు పొడి గుండ్లనూ కప్పునూ గరుకు కాగితంలాగా రాస్తుంది. లూజు అట్లా మొదలవుతుంది. లూజైన చోట తొక్కితే ప్రతి తొక్కుడూ ఒక చిన్న సుత్తి దెబ్బ.

అన్నీ కిరసనాయిల్లో కడిగాం. “లెక్కబెట్టు,” అన్నాను. ఎడమ వైపు పదకొండు, కుడి వైపు పది.

“ఒకటి పడిపోయింది సార్,” అంది, తప్పు చేసినట్టు చీర మడతల్లో వెతుకుతూ.

“నువ్వు పోగొట్టలేదు పాపా. ముందు ఎవరో విప్పినప్పుడే పోయుంటాది. వాళ్లు చెప్పలేదు, అంతే,” అన్నాను. చెప్పేటప్పుడు నా చెవులు వేడెక్కాయి.

ఇరుసును తుడిచి వెలుతురులో చూపించాను. గుండ్లు దొర్లే చోట ఇరుసు మీద ఒక మెరిసే గీత ఉంటుంది. అది నునుపుగా ఉంటే ఇరుసు మంచిదే. గోటితో గీస్తే గోరు తగులుకుంటే గుంటలు పడినట్టు. దానికి కుడి వైపు గుంటలు పడ్డాయి. గుంటలు పడిన ఇరుసును ఎంత బిగించినా ఒకచోట పట్టేస్తుంది, ఇంకొకచోట వదులవుతుంది. కప్పులు రెండూ బాగున్నాయి. కాబట్టి ఇరుసు ఒకటి, గుండ్లు ఇరవై రెండు, కాటర్ పిన్నులు రెండు కొత్తవి కావాలి. ఆళ్లగడ్డలో తెచ్చాను. నాలుగు నూర్లలో సగం కూడా కాలేదు. ఆ అంగడాయన మోసం చేశాడని నేను అనను. విప్పి చూడకుండా ‘మొత్తం’ అనడం తేలిక. అంతే.

కొత్త ఇరుసు కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకుని పోవాలి. పొడవులు వేరుగా ఉంటాయి. గుండ్లు పావు అంగుళానివి. కొత్తవి పెట్టేటప్పుడు అన్నీ కొత్తవే పెట్టాలి. ఎనిమిది పాతవి, మూడు కొత్తవి కలిపితే కొత్తవి వెంట్రుకవాసి పెద్దగా ఉంటాయి. బరువంతా ఆ మూడింటి మీదే పడి అవి పగులుతాయి.

కప్పులో గ్రీజు నింపి, దాంట్లో గుండ్లను ఒక్కొక్కటీ అద్దింది. గ్రీజులో అవి తేనెపట్టులో పిల్లల్లాగా కూర్చుంటాయి. ఒక వైపుకు పదకొండు. పదకొండు పెట్టాక ఇంకా కొంచెం సందు కనిపిస్తుంది. పన్నెండోది దూర్చబుద్ధవుతుంది. దూర్చకూడదు. గుండ్లకు కదిలే చోటు ఉండాలి. ఇరుసు పొడవు చివర చైను వైపుకు వచ్చేట్టు పెట్టి, ఎడమ కప్పును చేత్తోనే ఎక్కించింది.

ఇక బిగించడం. ఓపిక కావాల్సింది ఇక్కడే. కప్పును బిగిస్తూ, మధ్య మధ్యలో ఇరుసును వేళ్లతో తిప్పి చూడాలి. గరగరమంటే బిగువు ఎక్కువైనట్టు, కొంచెం వెనక్కి తిప్పాలి. పట్టి ఊపితే కదిలితే వదులు, కొంచెం బిగించాలి. రెండూ లేని చోటు ఒకటి ఉంటుంది. అది దొరికాక కప్పును అక్కడే పట్టుకుని లాకు రింగు గట్టిగా బిగించాలి. రింగు బిగుస్తున్నప్పుడు కప్పును కొంచెం బయటికి లాగుతుంది. సరిగ్గా ఉందనుకున్నది మళ్లీ కొంచెం వదులవుతుంది. అందుకని రింగు బిగించాక మళ్లీ ఊపి చూడాలి. వదులుంటే రింగు విప్పి మళ్లీ మొదటి నుంచి. ఆ పిల్లకు నాలుగుసార్లు పట్టింది. నాకు ఆ ముసలాయన దగ్గర మొదటి రోజు తొమ్మిదిసార్లు పట్టింది. ఎనిమిదోసారి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆయన చాయ్ తాగుతూ చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

చివరగా కాటర్ పిన్నులు. రెండూ ఎదురెదురు దిక్కుల నుంచి దిగాలి. ఒకే దిక్కు నుంచి కొడితే క్రాంకులు ఒక వరుసలో ఉండవు. సుత్తితో కొట్టి దించాక నట్టు వేయాలి. నట్టుతో పిన్నును లోపలికి లాగబోతే మర పోతుంది. ఒక రోజు తొక్కాక మళ్లీ ఒక దెబ్బ వేసి నట్టు సరిచూడాలి.

ఇది పాత రకం బీబీ సంగతి. ఇప్పుడొచ్చే కొన్ని గేరు సైకిళ్లలో లోపల విప్పడానికి లేని మూసిన బేరింగు ఉంటుంది. లూజైతే మొత్తం మార్చాలి. మన పల్లెల్లో, హాస్టళ్లలో తిరిగేవి ఎక్కువగా పాత రకమే. అది మన అదృష్టం. విప్పి చూసుకోవచ్చు.

సైకిలులో ఉక్కు గుండ్లు పెట్టడం ఎప్పటిదో పిల్లలకు చెప్తుంటాను. 1869లో ఫ్రాన్సులో సురిరే అనే ఆయన సైకిలుకు గుండ్ల బేరింగు మీద పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో పారిస్ నుంచి రూయెన్ దాకా పందెం పెడితే, అట్లాంటి గుండ్లున్న సైకిలు మీద జేమ్స్ మూర్ అనే కుర్రోడు గెలిచాడు. అక్కడ మనిషి దూరం పోవడానికి గుండ్లు పెట్టిన రెండేళ్లకే ఇక్కడ మనిషి ఊరు దాటకుండా చట్టం పెట్టారు. ఈ రెండు తేదీలనూ నేను బోర్డు మీద పక్కపక్కనే రాస్తాను.

టీచర్లకు ఒక మాట. మన బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో గోడకు ఆనించిన సైకిళ్లు ఎన్నో ఉంటాయి. రుద్రవరం, ఆత్మకూరు వైపు చెంచు గూడేలకు పోయినా, తండాలకు పోయినా కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి పెద్ద రోగమేమీ ఉండదు. రెండు పానాలు, ఒక సుత్తి, లాకు రింగుకు పట్టే కొక్కెం పానా ఒకటి, గ్రీజు డబ్బా, ఒక పాత చీర ఉంటే చాలు. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం చాలు. పానాలు పిల్లల చేతికే ఇవ్వండి. పోతాయేమోనని బీరువాలో పెట్టి తాళం వేయకండి. మా బడిలో పానాల డబ్బాకు తాళం లేదు. ఇప్పటికి ఒక పానా పోయింది. అది ఎక్కడ పోయిందో పోగొట్టిన పిల్లోడే వచ్చి చెప్పాడు. నేను ఎనిమిదో తరగతిలో చేయలేని పని వాడు ఆరో తరగతిలో చేశాడు.

పిల్లలకు ఒక మాట. గుండు పోతే పోయిందని చెప్పండి. దాచి కప్పు మూస్తే, ఆ భయంలో ఇంకొక పని మరచిపోతాం. దాని ఖర్చు మనం కట్టం. చీకట్లో మన సైకిలు నడిపే మనిషి కడతాడు.

నాయన పోయి ఆరేళ్లయింది. ఆ రాత్రి గురించి నేను ఆయనతో నేరుగా మాట్లాడింది ఒక్కసారే, నాకు ఉద్యోగం వచ్చిన రోజు. “నాయనా, ఆ పొద్దు నా వల్ల...” అని మొదలుపెట్టాను. ఆయన ఈత బరిగె చీలుస్తూ, “రింగు వదులైంది నీ వల్ల. కూర్చోబెట్టింది నీ వల్ల కాదు. రెండిట్నీ కలపాకు,” అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆ రెండింటినీ విడదీసి చూడటం నాకు ఇప్పటికీ పూర్తిగా చేతకాదు.

ఆ అమ్మాయి సోమవారం బడికి వచ్చింది. రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్లు, అదే లెక్కన రోజుకు పదిహేను వందల చుట్లు కాస్త తక్కువ. పదో తరగతి తర్వాత ఆపుతారో లేదో నాకు తెలియదు. వాళ్ల అమ్మతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. పోయిన శనివారం ఆ పిల్లే తండా నుంచి ఇంకొక సైకిలు నెట్టుకొచ్చింది. దాని యజమాని ఏడో తరగతి పిల్ల, వెనకనే నడిచి వచ్చింది. నేను వరండాలోకి వచ్చేసరికి చీర పరిచి ఉంది.

“లెక్కబెట్టు,” అంటోంది పెద్దపిల్ల చిన్నపిల్లతో.